ఇంకా ఏం తగ్గించాలి? - నెలల తరబడి డైటింగ్ చేసి విసిగిపోయినవారికి

కిందటి ఏడాది ఒక ఆదివారం ఉచిత షుగర్ శిబిరంలో నా బల్ల ముందు ఒక ఆపా వచ్చి కూర్చున్నారు. వయసు 45, ఎత్తు 155 సెంటీమీటర్లు. చేతిలో చిన్న నోటుబుక్కు. అందులో వారం వారం బరువు రాసుకున్నారు. మొదటి పేజీలో 82 కిలోలు. పది నెలలకు 71. ఆ తర్వాత నాలుగు నెలల పాటు ప్రతి వరుసలోనూ అదే 71. ఒక్కోసారి 71.5, ఒక్కోసారి 70.8. అంతే.

"రాత్రి రెండు చపాతీలు తినేదాన్ని, ఒకటి చేశాను. ఇప్పుడు దాన్ని కూడా సగం చేశాను. ఇంకా ఏం తగ్గించాలి మేడమ్, నోరు కుట్టేసుకోవాలా?" అని అడిగారు. అడుగుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు.

"మామూలు రోజుల్లో ఇంకొంచెం ఎక్కువ తినండి ఆపా" అన్నాను. వెనక నిలబడ్డ ఆమె భర్త నవ్వేశారు, నేను సరదాకి అంటున్నాననుకుని.

ఈ సంచిక అందుకునే దాతల్లో ఎక్కువ మంది దుకాణంలోనో ఆఫీసులోనో కూర్చుని పనిచేసేవారే. నలభై దాటినవారే. ఇంట్లో ఒకరికైనా షుగరో బీపీయో ఉంటుంది. ఏదైనా సమావేశం అయ్యాక భోజనాల దగ్గర నన్ను పక్కకు పిలిచి ఇదే ప్రశ్న అడిగినవారు తక్కువ మందేమీ కాదు. ప్లేటు చేత్తో పట్టుకుని నిలబడి రెండు నిమిషాల్లో చెప్పగలిగే జవాబు కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

అదే తిండి, అదే మనిషి - ఫలితం ఎందుకు ఆగింది?

మనం ఏమీ చేయకుండా పడుకున్నా గుండె కొట్టుకోవాలి, ఊపిరి ఆడాలి, ఒళ్లు వెచ్చగా ఉండాలి. రోజు మొత్తంలో మనకు ఖర్చయ్యే శక్తిలో పెద్ద వాటా దీనికే పోతుంది. మిగిలింది నడక, పని, తిన్నది అరిగించుకోవడం. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్కల ప్రకారం, ఎక్కువగా కూర్చుని పనిచేసే 65 కిలోల మగవారికి రోజుకు సుమారు 2,110 క్యాలరీలు, 55 కిలోల ఆడవారికి 1,660 క్యాలరీలు కావాలి. ఇవి సగటు అంకెలు. ఎవరి ఖర్చు వారి ఎత్తు, బరువు, వయసు, కదలికలను బట్టి మారుతుంది.

దీన్ని అంచనా వేయడానికి వైద్యులు ఎక్కువగా వాడేది 1990లో వచ్చిన మిఫ్లిన్-సెయింట్ జియోర్ సూత్రం. దాని ప్రకారం ఆపా 82 కిలోలు ఉన్నప్పుడు పడుకుని ఉన్నా ఖర్చయ్యేది సుమారు 1,400 క్యాలరీలు. ఇంటి పనుల కదలిక కలిపితే రోజుకు 1,960 దాకా. అప్పుడు ఆమెకు ఎవరో రాసిచ్చిన డైట్ చీటీలో ఉన్నది 1,400. అంటే రోజుకు 560 క్యాలరీల లోటు. బరువు తగ్గింది. తగ్గక ఏం చేస్తుంది?

ఇప్పుడు అదే సూత్రంలో 71 కిలోలు వేసి చూడండి. పడుకుని ఉన్నప్పటి ఖర్చు 1,290కి దిగుతుంది, మొత్తం ఖర్చు 1,810 అవుతుంది. ఆపా ఏ తప్పూ చేయకుండానే లోటులో 150 క్యాలరీలు మాయమయ్యాయి. బుల్లెట్టు దిగి స్కూటీ ఎక్కినవారికి పెట్రోలు తక్కువ పట్టినట్టే, చిన్నదైన ఒంటికి ఖర్చూ తక్కువే. ఇందులో జబ్బేమీ లేదు.

అయితే శరీరం అక్కడితో ఆగదు. తగ్గిన బరువుకు తగ్గ ఖర్చు ఎంత ఉండాలో, అసలు ఖర్చు దానికంటే ఇంకొంచెం తక్కువకు పోతుందని న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1995లోనే చూపించారు. కరువు వచ్చిందనుకుని ఒళ్లు పొదుపు మొదలుపెడుతుంది. మనకు తెలియకుండానే కదలిక తగ్గిపోతుంది. మేడ మీదికి రెండుసార్లు వెళ్లేవారు ఒకేసారి వెళ్లి అన్నీ తెచ్చుకుంటారు. లేచి తాగాల్సిన నీళ్లు పిల్లల్ని పిలిచి తెప్పించుకుంటారు. నమాజుకు మసీదుదాకా నడిచేవారు బండి తీస్తారు. ఇది బద్ధకం కాదు.

అమెరికాలో టీవీ పోటీ కోసం విపరీతంగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ల తర్వాత మళ్లీ పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు. పడుకుని ఉన్నప్పటి వారి ఖర్చు, వారి శరీరానికి ఉండాల్సిన దానికంటే రోజుకు సుమారు 500 క్యాలరీలు తక్కువగా ఉంది. ఈ అంకె చూసి భయపడకండి. వాళ్లు రోజుకు గంటల కొద్దీ వ్యాయామం చేస్తూ, కొద్ది నెలల్లోనే పదుల కిలోలు తగ్గినవాళ్లు. మామూలుగా డైటింగ్ చేసేవారిలో తగ్గుదల ఇంత ఉండదు. ఎంత తొందరపడితే ఒళ్లు అంత ఎదురు తిరుగుతుందని మాత్రం దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆకలి సంగతి ఇంకా విచిత్రం. ఆస్ట్రేలియాలో 50 మందికి పది వారాల పాటు చాలా తక్కువ క్యాలరీల ఆహారం ఇచ్చి బరువు తగ్గించారు. కడుపు నిండిందని మెదడుకు చెప్పే లెప్టిన్ తగ్గింది, ఆకలిని పెంచే గ్రెలిన్ పెరిగింది. ఏడాది తర్వాత చూసినా ఆ హార్మోన్లు పాత స్థితికి రాలేదు. 2011లో వచ్చిన ఫలితం ఇది. "నీకు నోటి మీద అదుపు లేదు" అని ఇంట్లోవాళ్లు అనే ముందు ఈ సంగతి ఒకసారి గుర్తు చేసుకుంటే మంచిది.

ఆకలి గురించి మనకు తెలిసిందంతా ఎక్కడి నుంచి వచ్చింది?

సహాయ కార్యక్రమాలకు చందాలిచ్చే మీకు ఈ కథ తప్పకుండా ఆసక్తిగా ఉంటుంది. రెండో ప్రపంచయుద్ధం ముగియబోతున్న రోజుల్లో యూరప్‌లో లక్షలమంది ఆకలితో అలమటిస్తున్నారు. యుద్ధం ఆగాక వాళ్లకు ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి అన్నది ఎవరికీ సరిగా తెలియదు. తెలుసుకోవడానికి 1944 నవంబరులో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం మొదలుపెట్టారు. 36 మంది యువకులు స్వచ్ఛందంగా వచ్చారు. వీళ్లంతా మత విశ్వాసం వల్లనో మనస్సాక్షి వల్లనో ఆయుధం పట్టబోమని ప్రభుత్వానికి చెప్పినవాళ్లు. చంపడానికి వెళ్లం గానీ ఆకలిగొన్నవారి కోసం మేం ఆకలితో ఉంటాం అన్నారు.

మొదట మూడు నెలలు రోజుకు సుమారు 3,200 క్యాలరీలు పెట్టారు. తర్వాత 24 వారాల పాటు దాదాపు సగానికి, అంటే 1,570కి దించారు. బ్రెడ్డు, బంగాళాదుంపలు, టర్నిప్ దుంపలు, మాకరోనీ వంటివే తిండి. వారానికి 22 మైళ్లు నడవాలి. ఆరు నెలలయ్యేసరికి వాళ్ల బరువులో దాదాపు నాలుగో వంతు పోయింది.

అసలు చూడాల్సింది బరువు కాదు. నవ్వుతూ తుళ్లుతూ ఉండే కుర్రాళ్లు మాటలు మానేశారు. ఎండాకాలంలో కూడా చలి అని దుప్పటి కప్పుకునేవారు. ప్లేట్లు నాకేవారు. వంట పుస్తకాలు కొని రాత్రిళ్లు చదివేవారు. కళ్లముందు ఎప్పుడూ తిండే. మెట్లెక్కడం కష్టమైంది. పడుకుని ఉన్నప్పటి శక్తి ఖర్చు దాదాపు 40 శాతం పడిపోయింది. తిండి మళ్లీ పెంచాక కూడా చాలామందికి నెలల తరబడి ఆకలి తీరలేదు. కొందరు రోజుకు 5,000 క్యాలరీలకు పైగా తిన్నా ఇంకా కావాలనిపించేదట. 1950లో కీస్ బృందం ఈ వివరాలన్నీ రెండు పెద్ద సంపుటాలుగా అచ్చువేసింది. ఆకలిబాధితులకు ఆహారం ఎలా పెట్టాలన్నదానికి ఈ రోజుకీ అది ఆధార గ్రంథమే.

వాళ్లు సన్నగా ఉన్న మగపిల్లలు, మన ఆపా బరువున్న గృహిణి. రెండూ ఒకటి కాదు. కానీ శిబిరంలో నా ముందు కూర్చుని "రోజంతా తిండి గురించే ఆలోచిస్తున్నాను, సెల్‌ఫోన్‌లో వంటల వీడియోలే చూస్తున్నాను, ఊరికే కోపం వస్తోంది, ఏసీ లేకపోయినా చలి వేస్తోంది" అని ఎవరైనా చెప్పినప్పుడు నాకు ఆ 36 మందే గుర్తుకొస్తారు.

నోటుబుక్కులో లేని రోజులు

ఇక అసలు విషయానికి వస్తాను. ఆపా చెప్పిన లెక్క ప్రకారం ఆమె తింటున్నది రోజుకు 1,100 క్యాలరీలు. అంత తక్కువ తింటూ నాలుగు నెలలు బరువు కదలకుండా ఉండడం సాధ్యం కాదు. ఒళ్లు ఎంత పొదుపు చేసినా గాలి తిని కొవ్వు నిలుపుకోలేదు. మరి ఆమె అబద్ధం చెప్పారా? లేదు. రెండు వారాల పాటు నోట్లోకి పోయిన ప్రతిదీ రాసుకురమ్మన్నాను. వారంలో ఐదు రోజులు నిజంగానే 1,100. మిగిలిన రెండు రోజులు - శుక్రవారం ఇంటికి చుట్టాలు, ఆదివారం పుట్టింటికి ప్రయాణం - 2,500 చొప్పున.

ఐదు పదకొండువందలు 5,500. రెండు రెండున్నరవేలు 5,000. మొత్తం 10,500, ఏడుతో భాగిస్తే రోజుకు 1,500. తగ్గిన ఆమె ఒంటికి, తగ్గిన కదలికకు సరిగ్గా సరిపడేంత. నాలుగు నెలలుగా ఆమె డైటింగ్ చేయడం లేదు, ఐదు రోజులు పస్తులుండి రెండు రోజుల్లో ఆ బాకీ తీర్చుకుంటున్నారు. బాధంతా ఉంది, ఫలితం లేదు.

ఇలాంటి పొరపాటు ఆమె ఒక్కరిదే కాదు. "ఎంత తక్కువ తిన్నా మాకు తగ్గదు" అని చెప్పినవారిని న్యూయార్క్‌లో పరీక్షించి 1992లో ప్రచురించారు. తిన్నదాన్ని వాళ్లు సగటున 47 శాతం తక్కువగా చెప్పారు, చేసిన శ్రమను 51 శాతం ఎక్కువగా చెప్పారు. వాళ్ల జీవక్రియలో లోపమేమీ కనబడలేదు. మనిషికి తను తిన్నది లెక్క ఉండదు. వంట రుచి చూసిన గరిటె, పిల్లలు వదిలేసిన పరాఠా ముక్క, దుకాణంలో గిరాకీతో పాటు తాగిన చాయ్ - ఇవి భోజనం లెక్కలోకి రావు. పాలు, రెండు చెంచాల చక్కెర వేసిన చాయ్ రోజుకు నాలుగు తాగితే మూడు వందల క్యాలరీలు ఎటో పోవు.

అన్నిటికంటే పెద్ద దొంగ నూనె. ఒక పెద్ద చెంచా నూనెలో దాదాపు 120 క్యాలరీలు. కూరలో ఎంత పడిందో ఎవరూ కొలవరు కాబట్టి నేనొక తేలిక లెక్క చెబుతుంటాను. నెలకు ఇంటికి ఎన్ని లీటర్ల నూనె వస్తుందో చూడండి. ఐదుగురున్న ఇంటికి ఐదు లీటర్లయితే మనిషికి రోజుకు 30 గ్రాములు, అంటే 270 క్యాలరీలు. ఏడు లీటర్లయితే 42 గ్రాములు, 380 క్యాలరీలు. కూర్చుని పనిచేసేవారికి పోషకాహార సంస్థ చెప్పింది 20 నుంచి 25 గ్రాములు. నెయ్యి, డాల్డా ఇందులో కలపలేదు, అవి వేరే. చపాతీ సగం చేసుకుని ఏడ్చే ముందు నూనె ప్యాకెట్లు లెక్కపెట్టుకోవడం మేలు.

ఇంకో భ్రమ కూడా ఉంది. పెళ్లి భోజనం తిన్న మర్నాడు బరువు కిలోన్నర పెరిగిందని కంగారుపడి పస్తు పడుకునేవారున్నారు. కిలో కొవ్వు పెరగాలంటే ఖర్చు పోను 7,700 క్యాలరీలు అదనంగా తినాలి. ఒక పూట బిర్యానీతో అంత కుదరదు. అది ఉప్పు పట్టి ఉంచిన నీరు, కడుపులో ఉన్న తిండి. మూడు నాలుగు రోజుల్లో పోతుంది. ఆడవారికి నెలసరి ముందు కూడా ఇంతే. అందుకే ఒక రోజు అంకె చూడొద్దు, వారం సగటు చూడండి. నాలుగు వారాల సగటు కదలకపోతేనే బరువు ఆగినట్టు. నడుము కొలత టేపు కూడా పక్కన పెట్టుకోండి. కొన్నిసార్లు కాటా కదలకపోయినా టేపు కదులుతుంది.

అయితే ఎలా మార్చాలి?

ముందుగా, నీరసం, చలి, జుట్టు రాలడం, నిద్రలేమి, నెలసరి తప్పడం లాంటివి ఉంటే డాక్టరుకు చూపించి థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించుకోవాలి. ఆ కారణాలు ఉంటే క్యాలరీలు మార్చి లాభం లేదు, చికిత్స కావాలి.

ఆ తర్వాత రెండు వారాలు నిజాయితీగా రాసుకోవాలి. దావత్‌లతో సహా. ఆ పద్నాలుగు రోజుల సగటు ఎంతో అదే, బరువు కదలని స్థితిలో మీ ఒళ్లు ఖర్చుపెడుతున్న మొత్తం. ఏ సూత్రమూ ఇంతకంటే బాగా చెప్పలేదు. ఇప్పుడు చేయాల్సింది, ఆ సగటును వారమంతా సమంగా పంచడం. కింది రోజులను పైకి లేపాలి. లేపితే పై రోజులు వాటంతట అవే కిందికి దిగుతాయి, ఎందుకంటే ఐదు రోజుల ఆకలి లేని మనిషి శుక్రవారం దస్తర్‌ఖాన్ ముందు వేరే మనిషిలా కూర్చుంటాడు.

ఆపా విషయంలో ఐదు రోజులకు 350 క్యాలరీలు కలిపాం. పొద్దున ఇంకొక ఉడికించిన గుడ్డు, మధ్యాహ్నం గట్టి పప్పు అర కప్పు, ఒక కప్పు పెరుగు, సాయంత్రం గుప్పెడు వేయించిన శనగలు. కలిపినవన్నీ ప్రొటీన్ ఉన్నవే. అన్నం, చపాతీ పెంచలేదు, తగ్గించనూ లేదు. ప్రొటీన్ కడుపును ఎక్కువసేపు నిండుగా ఉంచుతుంది, బరువు తగ్గేటప్పుడు కండ కరిగిపోకుండా కాపాడుతుంది. శుక్ర, ఆదివారాల్లో ఇది తినొద్దు అది తినొద్దు అని నేను ఏమీ చెప్పలేదు. దావత్ ఉంది కదా అని పొద్దున పస్తు ఉండొద్దు అన్నది ఒక్కటే షరతు. మూడో వారానికి ఆ రెండు రోజులు 1,600 దగ్గరికి దిగాయి. మళ్లీ లెక్క వేస్తే సగటు అదే 1,500. తిన్న మొత్తం మారలేదు, మనిషి మారింది.

ఈ దశలో మొదటి వారం బరువు ఒక కిలో దాకా పెరగవచ్చు. భయపడి వెనక్కి పోయేవారు సరిగ్గా ఇక్కడే పోతారు. శరీరం కాలేయంలో, కండరాల్లో పిండిపదార్థాన్ని దాచుకుంటుంది, అలా దాచిన ఒక్కో గ్రాముతో మూడు గ్రాముల నీరు చేరుతుంది. ఖాళీ అయిన ఆ గాదె నిండుతోంది. అది కొవ్వు కాదు.

నిజంగానే సగటు బాగా తక్కువగా ఉన్నవారు, ఆడవారైతే 1,200 దరిదాపుల్లో, వారానికి 100 నుంచి 150 క్యాలరీల చొప్పున పెంచుకుంటూ బరువు నిలకడగా ఉండే చోటుకు రావాలి. అక్కడ కనీసం రెండు వారాలు, బాగా అలసిపోయినవారైతే ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి. డైటింగ్ మానేయడం వేరు, ఆపి ఆగడం వేరు. టాస్మానియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 51 మంది ఊబకాయులైన మగవారిపై చేసిన ప్రయోగం 2017లో వచ్చింది. ఒక బృందం 16 వారాలు ఆపకుండా డైటింగ్ చేసింది. రెండో బృందం రెండు వారాలు చేసి, రెండు వారాలు ఒంటికి సరిపడా తిని, మళ్లీ రెండు వారాలు చేసి, అలా మొత్తం అదే 16 వారాల డైటింగ్ పూర్తిచేసింది. ఆపకుండా చేసినవారు సగటున 9 కిలోలు, ఆగి ఆగి చేసినవారు 14 కిలోలు తగ్గారు. తర్వాత జరిగిన అన్ని ప్రయోగాల్లోనూ ఇంత తేడా రాలేదు కాబట్టి దీన్ని మంత్రమనుకోవద్దు. కానీ మధ్యలో ఆగినంత మాత్రాన చేసిందంతా పోతుందన్న భయం అక్కర్లేదని మాత్రం ఇది చెబుతుంది.

ఆగిన ఆ వారాల్లో కదలిక పెంచాలి. కడుపులో తిండి ఉంటేనే కాళ్లు కదులుతాయి. ఆపా రోజుకు అరగంట నడక, వారానికి మూడుసార్లు నీళ్ల సీసాలు పట్టుకుని చేతుల వ్యాయామం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం మొదలుపెట్టారు. ఆ తర్వాతే తగ్గింపు. అదీ రోజుకు 200 నుంచి 300 క్యాలరీలు, మునుపటిలా 560 కాదు. నెలకు కిలో తగ్గితే చాలనుకోవాలి.

అసలు ఇంకా తగ్గాలా అన్నది కూడా అడగాల్సిన ప్రశ్నే. ఎవరూ అడగరు. 82 నుంచి 71 అంటే 13 శాతం. 2002లో వచ్చిన అమెరికా అధ్యయనంలో షుగర్ అంచున ఉన్నవారికి 7 శాతం బరువు తగ్గింపు, వారానికి 150 నిమిషాల శ్రమ లక్ష్యంగా పెడితేనే షుగర్ వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. 2006లో వచ్చిన మన భారతీయ అధ్యయనంలో ఆహారం, నడక మార్చినవారికి అది 28 శాతానికి పైగా తగ్గింది, వాళ్ల బరువులో చెప్పుకోదగ్గ మార్పేమీ లేకుండానే. పెళ్లినాటి బరువు రావాలన్న పట్టుదల మీద నాకు పెద్ద గౌరవం లేదు. షుగర్, బీపీ, మోకాళ్లు బాగున్నాయంటే, ఉన్న బరువును ఏడాది నిలుపుకోవడం కూడా విజయమే.

మందులు వాడేవారు

ఈ భాగాన్ని దయచేసి దాటేయకండి. ఒక భాయ్‌సాబ్, వయసు యాభై ఎనిమిది, షుగర్‌కు గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకునేవారు. బరువు ఆగిందని తనంతట తానే రాత్రి భోజనం మానేశారు. మాత్ర మానలేదు. ఐదో రోజు తెల్లవారుజామున ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు, ఎవరినీ గుర్తుపట్టడం లేదు. ఇంట్లోవాళ్లు పక్షవాతం అనుకున్నారు. ఆస్పత్రిలో చూస్తే షుగర్ 41. సకాలంలో గ్లూకోజ్ ఎక్కించారు కాబట్టి ఇప్పుడు దుకాణంలో కూర్చుంటున్నారు.

గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ ఇంజక్షన్లు మీరు తిన్నా తినకపోయినా షుగర్‌ను దించుతాయి. తిండి తగ్గించేటప్పుడు ఆ మోతాదు కూడా డాక్టరు తగ్గించాలి. తిండి పెంచేటప్పుడూ చెప్పాలి. బీపీ మాత్రలూ అంతే, బరువు తగ్గాక పాత మోతాదుతో లేవగానే కళ్లు తిరుగుతాయి. కిడ్నీ జబ్బు ఉన్నవారు నేను పైన చెప్పిన ప్రొటీన్ సలహాను డాక్టరును అడగకుండా పాటించవద్దు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఈ వ్యాసంలోని తగ్గింపు లెక్కలేవీ వర్తించవు.

రంజాన్, దావత్‌లు

రంజాన్ వస్తోందంటే "ఈ నెలలో ఐదు కిలోలు తగ్గుతాను" అనేవారు ప్రతి ఏడాదీ కనబడతారు. ఉపవాసం ఉద్దేశం వేరు, బరువు వేరు. పైగా సహరీకి గ్లాసు నీళ్లు తాగి పడుకుని, ఇఫ్తార్‌కు మిర్చీ బజ్జీ, సమోసా, షర్బత్, ఆ పైన హలీం తింటే ఆపా వారమే రోజుగా మారుతుంది, పగలు పస్తు, రాత్రి బాకీ. నెలల తరబడి డైటింగ్‌తో అలసినవారికి నేనిచ్చే సలహా ఏమిటంటే, రంజాన్‌ను తగ్గే నెలగా కాక నిలుపుకునే నెలగా పెట్టుకోండి. సహరీ మానొద్దు. గుడ్డో, పప్పో, పెరుగో అందులో ఉండాలి. ఇఫ్తార్‌లో ఖర్జూరం, నీళ్లు, పండు తీసుకుని నమాజు చదువుకుని వచ్చి భోజనం చేస్తే వేపుడు ప్లేటు మీద దాడి సగం తగ్గుతుంది. హలీం తినండి, గోధుమ, పప్పు, మాంసం ఉన్న మంచి ఆహారమే, పైన తేలే నెయ్యి పక్కకు తీస్తే చాలు. అయితే దాన్ని భోజనంగా తినాలి, భోజనానికి ముందు కాదు.

షుగర్ ఉన్నవారు రంజాన్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే డాక్టరును కలవాలి. పగలు షుగర్ 70 కంటే కిందికి పోయినా, 300 దాటినా ఉపవాసం విడవాలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. వేలికి సూది గుచ్చి పరీక్షించుకుంటే ఉపవాసం భంగం కాదని ఉలమాలు చెప్పిన మాటే.

దావత్ ఇచ్చేవారితోనూ ఒక మాట. "నా మీద ఒట్టు, ఇంకొక్క బోటీ" అని ప్లేటులో వేసేది ప్రేమతోనే, కాదనను. పక్కనున్నవారు పద్నాలుగు నెలలుగా దేనితో పోరాడుతున్నారో మనకు తెలియదు. అడిగి వడ్డించండి, వద్దంటే వదిలేయండి.

ఆ ఆపా మొన్న శిబిరానికి మళ్లీ వచ్చారు. ఏడు వారాలు 71-72 మధ్య ఆగి, ఆ తర్వాత ఐదు నెలల్లో 68కి వచ్చారు. నోటుబుక్కు తెచ్చారు గానీ తెరవలేదు. రాత్రికి మళ్లీ రెండు చపాతీలు తింటున్నారట. ఈసారి అడగాల్సింది భర్త గురించి. ఆయన పొట్ట మీద చేయి పెట్టి, "నేను నవ్వాను కదా మేడమ్, ఇప్పుడు నాకు రాసివ్వండి" అన్నారు. ముందు రెండు వారాలు తిన్నదంతా రాసుకురమ్మని ఆయనకూ ఒక నోటుబుక్కు ఇచ్చి పంపాను. నూనె ప్యాకెట్ల లెక్క తను చూసుకుంటానని ఆపా అన్నారు.